జర్మనీలో భజన బృందం, ఆలయ సమితి, ప్రార్థనా సహవాసం, సేవా సంస్థ: దేనికి ఏ చట్టరూపం సరిపోతుంది?

మన దగ్గర ఒక సంఘాన్ని ‘రిజిస్టర్ చేయించాం’ అంటే వినేవారికి విషయం దాదాపు పూర్తిగా అర్థమైపోతుంది. జర్మనీలో ఆ మాటకు మూడు కార్యాలయాల్లో మూడు వేర్వేరు అర్థాలున్నాయి. సంఘానికి చట్టం దృష్టిలో సొంత వ్యక్తిత్వం ఇచ్చేది స్థానిక న్యాయస్థానం, అంటే ఆమ్ట్స్‌గెరిష్ట్. ఆ సంఘం ప్రజాహితం కోసం పనిచేస్తోందని ఒప్పుకొని పన్ను మినహాయింపు ఇచ్చేది పన్నుల కార్యాలయం, అంటే ఫినాన్ట్స్‌ఆమ్ట్. ఒక మత సమాజాన్ని కాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిల సరసన నిలబెట్టే ప్రత్యేక హోదా ఇచ్చేది ఆయా రాష్ట్ర ప్రభుత్వం. వీటిలో ఒకటి చేతికి వచ్చినంత మాత్రాన రెండోది దానంతటదే రాదు. ఈ తేడా తెలియక, కోర్టులో పేరు నమోదైంది కాబట్టి విరాళాలకు పన్ను రాయితీ రసీదులు ఇచ్చేయవచ్చని అనుకునేవారు ఉన్నారు. మరికొందరు పెద్ద చర్చిలకు ఉన్న హోదా లేకపోతే గుడి కట్టలేమని అనుకుంటారు. రెండూ పొరపాట్లే, మొదటిది డబ్బు పోగొట్టే పొరపాటు కూడా.

ఎంపికకు ముందు ఒక భయాన్ని తొలగించుకోవడం అవసరం. జర్మనీలో పూజ చేసుకోవడానికో, ప్రార్థన చేసుకోవడానికో ఎవరి అనుమతీ అక్కర్లేదు, మతాలను నమోదు చేసే ప్రభుత్వ పట్టిక కూడా లేదు. 1949 నాటి రాజ్యాంగంలోని 4వ అధికరణం విశ్వాస స్వేచ్ఛను పౌరులకే కాక అక్కడ నివసించే అందరికీ ఇచ్చింది. 140వ అధికరణం 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని మత సంబంధ అధికరణాలను, అంటే 136, 137, 138, 139, 141లను, యథాతథంగా నేటి రాజ్యాంగంలో భాగం చేసింది. వాటిలో 137వది అసలైన పునాది. రాజ్యానికి అధికారిక చర్చి ఉండదని, ప్రతి మత సమాజం అందరికీ వర్తించే చట్టాల పరిధిలో తన వ్యవహారాలను తానే నడుపుకుంటుందని, తన పదవులను ప్రభుత్వ ప్రమేయం లేకుండా తానే ఇచ్చుకుంటుందని అది చెబుతుంది. 1987 నాటి దేవాదాయ చట్టం కింద కార్యనిర్వహణాధికారిని ప్రభుత్వం నియమించే పద్ధతిని చిన్నప్పటి నుంచి చూసిన తెలుగువారికి ఇది కొత్తగా ఉంటుంది. ఇక్కడ గుడికి ఈవోను పంపే శాఖ లేదు. కాబట్టి చట్టరూపాన్ని ఎంచుకునేటప్పుడు చూడవలసింది ఆరాధనకు అనుమతి గురించి కాదు. అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉండాలి, అప్పుకు ఎవరు బాధ్యులు, విరాళంపై పన్ను ఎంత, నిర్ణయాధికారం ఎవరిది అన్న విషయాల గురించి.

నమోదు లేకుండా నడవడం

వారానికోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలిసే భజన బృందానికి, బైబిల్ అధ్యయన బృందానికి ఏ కాగితమూ అవసరం లేదు. కలిసి పనిచేసే నియమాలు, ఒక పేరు, మారుతూ ఉండే సభ్యులు ఉంటే చట్టం దాన్ని నమోదు కాని ఫెరైన్‌గా, అంటే నమోదు కాని సంఘంగా చూస్తుంది. పౌర స్మృతిలోని 54వ సెక్షన్ 2024 జనవరి 1 నుంచి కొత్త రూపంలో అమల్లో ఉంది. దాని ప్రకారం నమోదు కాని సంఘం తరఫున ఎవరు ఒప్పందంపై సంతకం పెడితే వారే స్వయంగా బాధ్యులు. పండుగకు హాలు మాట్లాడి, తరువాత రద్దు చేసుకుంటే హాలు యజమాని సంతకం పెట్టిన వ్యక్తి జీతం వైపు చూడవచ్చు. ఇల్లు, పూజగది, అందరూ కలిసి వండుకునే భోజనం వరకు ఈ రూపం చాలు. నెలనెలా అద్దె కట్టే స్థలం, నలుగురి డబ్బు చేరే బ్యాంకు ఖాతా మొదలైన రోజున దీన్ని వదిలేయాలి. మంచి మనసుతో ముందుకొచ్చి సంతకం పెట్టిన మనిషిని ఒంటరిగా నిలబెట్టే రూపాన్ని అవసరానికి మించి ఒక్క నెల కూడా కొనసాగించకూడదని నా గట్టి అభిప్రాయం.

నమోదైన ఫెరైన్: చాలామందికి సరైనది ఇదే

పేరు చివర ‘ఎ.ఫౌ.’ అనే రెండక్షరాల గుర్తు ఉన్న సంస్థలు జర్మనీ అంతటా కనిపిస్తాయి. ఫుట్‌బాల్ క్లబ్బు నుంచి మసీదు వరకు, తెలుగు సంఘం నుంచి గురుద్వారా వరకు ఎక్కువ భాగం ఈ రూపంలోనే ఉన్నాయి. భారతదేశంలో 1860 నాటి సొసైటీల చట్టం ఏడుగురిని అడిగినట్టే జర్మన్ పౌర స్మృతి కూడా నమోదుకు కనీసం 7గురు సభ్యులను అడుగుతుంది. తరువాత సంఖ్య ముగ్గురి కంటే తగ్గితే కోర్టు ఆ సంఘం చట్టపరమైన వ్యక్తిత్వాన్ని తీసేస్తుంది. నియమావళి జర్మన్ భాషలో ఉండాలి. అందులో సంఘం పేరు, కేంద్రస్థానం, ఉద్దేశం, నమోదు చేయించాలన్న సంకల్పం, సభ్యుల చేరిక, నిష్క్రమణ, చందా, కార్యవర్గం ఏర్పడే తీరు, సర్వసభ్య సమావేశాన్ని పిలిచే పద్ధతి, తీర్మానాలను రాసిపెట్టే పద్ధతి స్పష్టంగా ఉండాలి. దరఖాస్తుపై కార్యవర్గం పెట్టే సంతకాలను నోటరీ ధృవీకరించాక ఆమ్ట్స్‌గెరిష్ట్ సంఘాల పట్టికలో పేరు ఎక్కిస్తుంది. ఖర్చు ఒక చిన్న బృందం భరించగలిగినంతే. అప్పటి నుంచి అద్దె ఒప్పందం సంఘం పేరున ఉంటుంది, అప్పు సంఘానిది అవుతుంది. జీతం తీసుకోకుండా సేవ చేసే కార్యవర్గ సభ్యులకు 31ఎ సెక్షన్ మరో రక్షణ ఇస్తుంది: ఉద్దేశపూర్వకంగానో, ఘోరమైన నిర్లక్ష్యంతోనో చేసిన తప్పు అయితే తప్ప, సంఘానికి జరిగిన నష్టానికి వారు సొంత జేబు నుంచి చెల్లించనక్కర్లేదు. అయితే పన్నులు కట్టకుండా వదిలేయడం, జీతం ఇచ్చే ఉద్యోగుల సామాజిక బీమా వాటా కట్టకపోవడం వంటివి ఈ రక్షణను దాటి వ్యక్తిగత బాధ్యత వరకు వెళ్లగలవు. కోశాధికారి పదవిని మొహమాటంతో ఒప్పుకోకూడదు.

ఈ రూపంలో మత సమాజాలు జాగ్రత్తగా ఆలోచించవలసిన అంశం ఒకటుంది. ఫెరైన్ స్వభావరీత్యా సభ్యులది. సర్వసభ్య సమావేశంలో తగినంత మెజారిటీ ఉంటే నియమావళినే మార్చవచ్చు. గురుపరంపర, పీఠం, బిషప్, మాతృసంస్థ నిర్ణయాలకు లోబడి నడిచే సమాజాలకు ఇది ఇబ్బంది. రేపు కొత్తగా చేరిన యాభైమంది చేతులెత్తి ఆరాధనా విధానాన్ని మార్చగలరా అన్న ప్రశ్న వస్తుంది. దీనికి ఫెడరల్ రాజ్యాంగ న్యాయస్థానం 1991 ఫిబ్రవరి 5న బహాయీ సమాజం కేసులో దారి చూపింది. ట్యూబింగెన్ నగరంలోని బహాయీ స్థానిక సభ తన పై సంస్థలకు లోబడి ఉండడం వల్ల దాన్ని నమోదు చేయడానికి కింది కోర్టులు నిరాకరించాయి. మత సమాజం తన అంతర్గత క్రమాన్ని తానే నిర్ణయించుకునే హక్కును దృష్టిలో పెట్టుకొని సంఘాల చట్టాన్ని అన్వయించాలని, ఆ నిరాకరణ మత స్వేచ్ఛకు భంగమని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. దీని ఆచరణాత్మక ఫలితం పెద్దది. సిద్ధాంతం, ఆరాధనా విధానం, అర్చకుని లేదా పాస్టరు నియామకం, కొన్ని సవరణలకు మాతృసంస్థ సమ్మతి వంటి నిబంధనలను నియమావళిలో రాసుకోవచ్చు. మూలసంస్థతో ఉన్న విశ్వాసబంధం ఆ పత్రంలోనే స్పష్టంగా కనిపించాలి. అంతా బయటివారి చేతిలో పెట్టి, సంఘానికి సొంత సంకల్పమే లేని స్థితి తెస్తే మాత్రం కోర్టు అంగీకరించదు. ఇంటర్నెట్‌లో దొరికిన క్రీడా క్లబ్బు నియమావళిని నకలు చేసి గుడికి పెట్టుకోవడం అందుకే ప్రమాదం.

భారతీయ పాస్‌పోర్టులు ఉన్నవారు స్థాపించే సంఘాలు మరో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. సభ్యులు లేదా నాయకులు అందరూ, లేదా అత్యధికులు, యూరోపియన్ యూనియన్ బయటి విదేశీయులైతే దాన్ని విదేశీయుల సంఘం అంటారు. స్థాపించిన రెండు వారాల్లోపు స్థానికంగా ఆ బాధ్యత ఉన్న కార్యాలయానికి తెలియజేయాలి. ఇది అనుమతి కోరడం కాదు, సమాచారం ఇవ్వడం మాత్రమే. రెండోది, నిజమైన లబ్ధిదారుల వివరాలు ఉండే ట్రాన్స్‌పరెన్స్‌రెగిస్టర్. ఫెరైన్‌ల వివరాలు కోర్టు పట్టిక నుంచి అందులోకి వాటంతటవే చేరతాయి, కానీ కార్యవర్గ సభ్యులు జర్మన్ పౌరులు, జర్మనీ నివాసులు అనే ఊహతో చేరతాయి. అది నిజం కానప్పుడు సంఘమే సరైన వివరం ఇవ్వాలి. కార్యవర్గం మారిన ప్రతిసారీ కోర్టుకు ఆలస్యం లేకుండా తెలపడం కూడా అంతే అవసరం. పాత కార్యదర్శి ఇండియాకు తిరిగి వెళ్లిపోయాక ఆయన సంతకం కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

పన్ను గుర్తింపు అసలు కష్టం

జర్మనీలో ఇంగ్లండ్‌లో ఉన్నట్టు ధర్మసంస్థలన్నిటినీ చూసే ఒకే కమిషన్ లేదు. ఆ పని పన్నుల కార్యాలయం చేస్తుంది; కొలమానం ఆబ్‌గాబెన్‌ఓర్డ్‌నుంగ్ అనే పన్ను స్మృతిలోని 51 నుంచి 68 వరకు ఉన్న సెక్షన్లు. ఫెరైన్ కానివ్వండి, కంపెనీ కానివ్వండి, ఫౌండేషన్ కానివ్వండి, ఈ గుర్తింపు వేరుగా సంపాదించుకోవాలి. భారతదేశంలో ట్రస్టు పెట్టడం వేరు, పన్ను మినహాయింపు గుర్తింపులు (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 12ఎ, 80జి) తెచ్చుకోవడం వేరు కదా, అదే పోలిక.

52వ సెక్షన్‌లో ప్రజాహిత ఉద్దేశాల పట్టిక ఉంది. మతాన్ని పెంపొందించడం, కళలు, సంస్కృతి, విద్య, అంతర్జాతీయ సద్భావం అన్నీ వేర్వేరు అంశాలుగా అందులో ఉన్నాయి. 53వ సెక్షన్ పేదలు, రోగులు, వృద్ధులు వంటి సహాయం అవసరమైనవారికి చేసే సేవ గురించి. 54వ సెక్షన్ ‘చర్చి ఉద్దేశాలు’ అంటుంది; చాలామంది మత సంఘాలవారు తమ నియమావళిలో ఇదే టిక్కు పెట్టేస్తారు. కానీ ఆ సెక్షన్ పబ్లిక్ కార్పొరేషన్ హోదా ఉన్న మత సమాజాలకు చేసే సేవకు మాత్రమే వర్తిస్తుంది. కొత్తగా మొదలైన ఆలయ సమితి రాయవలసింది 52వ సెక్షన్‌లోని ‘మతాన్ని పెంపొందించడం’ అని. ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ, తెలుగు తరగతులే ప్రధానమైతే మతం బదులు సంస్కృతి, విద్య, అంతర్జాతీయ సద్భావం రాసుకోవడమే నిజాయితీ. ఏ ఉద్దేశం రాస్తే దానికే డబ్బు ఖర్చు పెట్టాలి. రాయని ఉద్దేశానికి ఖర్చు పెడితే, అది ఎంత మంచి పనైనా, గుర్తింపుకే ముప్పు. అందుకని రెండు మూడు ఉద్దేశాలు నిజంగా చేసేవైతే అన్నీ రాయండి. చేయనివి అలంకారానికి రాయవద్దు.

ప్రజాహితం అంటే ప్రజలందరికీ తలుపు తెరిచి ఉండాలి. ఒక కుటుంబానికో, ఒక సంస్థ ఉద్యోగులకో పరిమితమైతే అది ప్రజాహితం కాదని 52వ సెక్షనే చెబుతుంది. స్త్రీలను చేర్చుకోవడానికి తగిన కారణం చూపకుండా నిరాకరించిన ఒక ఫ్రీమేసన్ లాడ్జికి ఫెడరల్ పన్నుల న్యాయస్థానం 2017లో ఈ గుర్తింపు దక్కదని తీర్పు ఇచ్చింది. ఈ వెలుగులో చూస్తే ఒకే కులం వారికి సభ్యత్వం పరిమితం చేసే ప్రవాస సంఘాలు ఈ గుర్తింపు ఆశించడం కష్టమని నేను భావిస్తున్నాను. అంతకు మించి, అలాంటి సంఘానికి ఇంకో దేశపు పన్ను చెల్లింపుదారు సాయం ఎందుకు చేయాలన్నది ఆ సంఘం తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న. రాజకీయ పార్టీల అభిమాన బృందాలకూ ఇక్కడ చోటు లేదు. సంస్థ నిధులను పార్టీలకు నేరుగా గానీ, మరో దారిలో గానీ ఇవ్వకూడదని 55వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. రోజువారీ రాజకీయాలను ప్రభావితం చేయడమే పనిగా పెట్టుకుంటే గుర్తింపు ఉండదని అటాక్ అనే సంస్థ కేసులో 2019లో అదే న్యాయస్థానం చెప్పింది.

నియమావళిలో కొన్ని వాక్యాలు చట్టం ఇచ్చిన నమూనాలో ఉన్నట్టే ఉండాలి. నిధుల నుంచి సభ్యులు లాభం పొందకూడదు, అతిగా జీతాలు ఇవ్వకూడదు, సంఘం మూతపడితే ఆస్తి మరో ప్రజాహిత ఉద్దేశానికే వెళ్లాలి. ఈ చివరిది ఎంత గట్టిదంటే, దాన్ని తరువాత బలహీనపరిస్తే పన్నులవారు 10 ఏళ్లు వెనక్కి వెళ్లి పన్ను వసూలు చేయవచ్చు. గుర్తింపు వచ్చాక, కింద చెప్పే మామూలు వ్యాపారంలో తప్ప, లాభాల మీద కార్పొరేట్ పన్ను ఉండదు, దాతలు తమ మొత్తం ఆదాయంలో 20 శాతం వరకు విరాళాన్ని మినహాయించుకోవచ్చు. 300 యూరోల వరకు బ్యాంకు రుజువే సరిపోతుంది; అంతకు మించితే నిర్దేశిత నమూనాలో రసీదు ఇవ్వాలి. తప్పుడు రసీదు ఇచ్చినవారు, విరాళాన్ని దారి మళ్లించినవారు ఆ మొత్తంలో 30 శాతానికి బాధ్యులవుతారు. హుండీలో పడిన నగదుకు ఎవరో పేరు చెప్పి రసీదు అడిగితే ఇవ్వకపోవడమే మేలు.

పండుగ రోజున దోసెలు అమ్మడం గురించి ప్రతి సంఘంలోనూ ఒక చర్చ నడుస్తుంది. పన్ను చట్టం సంఘం ఆదాయాన్ని నాలుగు వాటాలుగా చూస్తుంది: చందాలు, విరాళాలు కలిపి ఒకటి, తరువాత ఆస్తి మీద వచ్చే ఆదాయం, ఉద్దేశాన్ని నేరుగా నెరవేర్చే వ్యాపారం, మామూలు వ్యాపారం. ప్రసాదం పంచడం మొదటి వాటా ఖర్చు. టిక్కెట్టు పెట్టి భోజనం అమ్మడం నాలుగోది. అందులో వార్షిక రాబడి ఒక పరిమితి దాటే వరకు ఆదాయపు పన్ను లేదు. 2020 చివర్లో వచ్చిన సవరణ ఆ పరిమితిని 35,000 యూరోల నుంచి 45,000 యూరోలకు పెంచింది. ఇలాంటి అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ ఏడాది అంకెను పన్ను సలహాదారుతో సరిచూసుకోవాలి. అమ్మకపు పన్ను లెక్క వేరు. నాలుగు వాటాలకు నాలుగు పద్దులు మొదటి రోజు నుంచే రాస్తే మూడేళ్ల తరువాత ఫినాన్ట్స్‌ఆమ్ట్ లెక్కలు అడిగినప్పుడు నిద్ర పట్టని రాత్రులు ఉండవు.

గుడి కట్టడానికి ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టేవారికి ఇంకో నియమం తగులుతుంది. వచ్చిన డబ్బును వచ్చిన ఏడాది తరువాతి రెండు క్యాలెండర్ సంవత్సరాల్లోగా ఉద్దేశానికి ఖర్చు పెట్టాలి. చిన్న సంస్థలకు మినహాయింపు ఉంది. పెద్ద మొత్తాలైతే స్థలం, అంచనా ఖర్చు, కాలక్రమం చూపించి ప్రత్యేక నిధిగా తీర్మానం చేసుకోవాలి. ‘ఎప్పటికైనా గుడి’ అన్న ఆశ చాలదు. కార్యవర్గం మినిట్సులో లెక్కతో కూడిన ప్రణాళిక కావాలి.

కంపెనీ, ఫౌండేషన్

ప్రజాహిత కంపెనీ రూపమైన గే-గేఎంబేహాకు మూలధనం 25,000 యూరోలు, నమోదు నాటికి అందులో 12,500 యూరోలు ఉండాలి. సభ్యుల ఓట్లు లేవు, వాటాదారులే నిర్ణేతలు. కిండర్‌గార్టెన్, వృద్ధాశ్రమం, నర్సింగ్ సేవ లాంటి జీతాలు, ఒప్పందాలు ఎక్కువగా ఉండే పనికి ఇది బాగుంటుంది. అయితే ఫెరైన్ కూడా కిండర్‌గార్టెన్ నడపవచ్చని ఫెడరల్ అత్యున్నత న్యాయస్థానం 2017 మే 16న చెప్పింది; ప్రజాహిత గుర్తింపు ఉండడం ఆ సంఘం వ్యాపార సంస్థ కాదనడానికి బలమైన సూచన అని కూడా చెప్పింది. ఆరాధనా సమాజానికి కంపెనీ రూపం సరిపడదు. ఫౌండేషన్, అంటే ష్టిఫ్టుంగ్, మన దాత ఆస్తి రాసిచ్చే ట్రస్టుకు దగ్గరి చుట్టం. దానికి సభ్యులే ఉండరు, దాత సంకల్పమే దాని యజమాని, రాష్ట్ర అధికారి గుర్తిస్తారు, పర్యవేక్షిస్తారు. ఆ ఆస్తి మీద వచ్చే ఆదాయంతో పని శాశ్వతంగా నడవాలి కాబట్టి చెప్పుకోదగ్గ మూలధనం లేనిదే తలపెట్టకూడదు. 2023 జూలై 1 నుంచి దీనికి దేశమంతటా ఒకే చట్టం ఉంది.

పబ్లిక్ కార్పొరేషన్ హోదా

జర్మన్‌లో క్యోర్పర్‌షాఫ్ట్ డెస్ ఎఫెంట్లిషెన్ రెష్ట్స్ అని పిలిచే ఈ హోదాను మన ఆర్టీసీ లాంటి ప్రభుత్వ కార్పొరేషన్‌తో కలపకూడదు. ఇందులో ప్రభుత్వ వాటా గానీ, పెత్తనం గానీ ఉండవు. 1919 నాటికి ఈ హోదా ఉన్న చర్చిలకు అది కొనసాగింది. ఇతరులు తమ అంతర్గత నిర్మాణం వల్ల, సభ్యుల సంఖ్య వల్ల ‘చిరకాలం నిలిచే భరోసా’ చూపిస్తే వారికీ అదే హక్కు ఇవ్వాలని 137వ అధికరణం ఆదేశించింది. రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకున్న మార్గదర్శకాల్లో దాదాపు 30 ఏళ్ల ఉనికి, రాష్ట్ర జనాభాలో వెయ్యికి ఒకరు చొప్పున సభ్యులు అనే కొలతలు ఉన్నాయి. హెస్సెలో బహాయీలు ఆ సంఖ్యకు చాలా దూరంలో ఉన్నా, సంఖ్య ఒక్కటే తీర్పు కాదని, మొత్తం పరిస్థితిని బట్టి భవిష్యత్తును అంచనా వేయాలని ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం 2012లో తేల్చింది.

ఈ విషయంలో అతి పెద్ద పోరాటం యెహోవాసాక్షులది. వారు ప్రభుత్వ ఎన్నికల్లో ఓటు వేయరు కాబట్టి రాజ్యం పట్ల విధేయత లేదని బెర్లిన్ హోదా నిరాకరించింది. 2000 డిసెంబరు 19న రాజ్యాంగ న్యాయస్థానం చెప్పిన తీర్పు ఇప్పటికీ ఈ రంగానికి దిక్సూచి. సమాజం చట్టాన్ని పాటించాలి, రాజ్యాంగ మూలసూత్రాలకు, ఇతరుల ప్రాథమిక హక్కులకు హాని చేయకూడదు. అంతకు మించిన విధేయతను రాజ్యం కోరకూడదు. 2006లో బెర్లిన్‌లో హోదా వచ్చింది. ప్రతి రాష్ట్రంలో విడిగా అడగాలి కాబట్టి చివరి రాష్ట్రమైన నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా 2017లో గానీ ఇవ్వలేదు. ముస్లిం సమాజాల్లో అహ్మదీయా జమాత్‌కు 2013లో హెస్సె ఈ హోదా ఇచ్చింది. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలోని హామ్ నగరంలో శ్రీలంక తమిళులు నిర్మించిన కామాక్షి అమ్మవారి ఆలయం చుట్టూ ఏర్పడిన హిందూ సమాజం కూడా దీన్ని సాధించింది. ఆ ఆలయానికి 2002లో కుంభాభిషేకం జరిగిందని, అంటే గుడి ముందు వచ్చిందని, హోదా ఆ తరువాతే వచ్చిందని గమనించాలి. ఆ వరుసే సహజమైనది.

ఈ హోదాతో సభ్యుల నుంచి పన్ను వసూలు చేసే హక్కు, ప్రభుత్వోద్యోగాల తరహా సొంత ఉద్యోగాలు, పట్టణ ప్రణాళికలో ఆరాధనా అవసరాలకు చట్టబద్ధమైన పరిగణన, యువజన సంక్షేమ సంస్థగా నేరుగా గుర్తింపు వంటివి వస్తాయి. పన్ను హక్కును అందరూ వాడరు. వాడాలంటే స్పష్టమైన సభ్యత్వ జాబితా కావాలి, ఎవరు హిందువు అన్న ప్రశ్నకు మన సంప్రదాయాల్లో అలాంటి జాబితా సహజంగా లేదు. అదే సమయంలో ఈ హోదా లేకపోయినా గుడి కట్టవచ్చు, విరాళాలు తీసుకోవచ్చు, పాఠశాలలో మత బోధనకు భాగస్వామి కావచ్చు కూడా, ఎందుకంటే రాజ్యాంగంలోని 7వ అధికరణం అక్కడ మత సమాజాన్ని అడుగుతుంది గానీ ఈ హోదాను అడగదు. ఒక తరం గడిచి, పిల్లల పిల్లలు అక్కడే పెళ్లిళ్లు చేసుకుంటున్న సమాజం ఆలోచించవలసిన అడుగు ఇది. ఐదేళ్ల వయసున్న సమితి దీని కోసం శక్తి వృథా చేసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

తెలుగు క్రైస్తవులకు ఈ హోదా వేరే దారిలో తగులుతుంది. నివాసం నమోదు చేసుకునేటప్పుడు మతం అడుగుతారు. కాథలిక్ అనో, ఎవాంగెలిష్ (అంటే ప్రొటెస్టెంట్) అనో రాస్తే ఆదాయపు పన్నుపై చర్చి పన్ను మొదలవుతుంది: బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, మిగతా చోట్ల 9 శాతం. ఆదివారం మధ్యాహ్నం తెలుగు సహవాసానికే వెళ్లి అక్కడే దశమభాగం ఇస్తున్నా ఈ పన్ను ఆగదు. అబద్ధం రాయడం దీనికి పరిష్కారం కాదు. తాను ఏ చర్చి సభ్యుడినో ముందే తెలుసుకొని నిజం రాయాలి. సహవాసం విషయానికి వస్తే వారికి హిందూ సమితులకు లేని ఒక వెసులుబాటు ఉంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల జర్మన్ సమాఖ్యలకు ఇప్పటికే పబ్లిక్ కార్పొరేషన్ హోదా ఉంది, ఇతర భాషల సంఘాలను అవి చేర్చుకుంటాయి. పక్కనే ఉన్న జర్మన్ సంఘంతో సహవాసం కుదిరితే సొంత ఫెరైన్ పెట్టుకునే ముందు ఆ గొడుగు కింద చేరే అవకాశాన్ని తప్పక పరిశీలించండి. స్వతంత్రంగా ఉండాలన్న సిద్ధాంతపరమైన కారణం ఉంటే ఫెరైన్ సరే.

సొంత ఊరికి సాయం పంపేవారు

గుంటూరులోనో, వరంగల్‌లోనో ఒక పాఠశాలకు, ఆసుపత్రికి డబ్బు పంపడమే లక్ష్యమైతే ప్రజాహిత ఫెరైన్ చాలు. నిధులను ఇతర సంస్థలకు అందించడం తమ పని అని నియమావళిలో రాసుకోవాలి. విదేశంలో ఖర్చయిన ప్రతి యూరోకు రుజువు చూపవలసిన భారం సంఘానిదే కాబట్టి ఒప్పందం, రసీదులు, ఫోటోలు, వార్షిక నివేదిక జర్మనీలోనే ఉండాలి. అవతలి చివర భారతదేశపు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ 2010 ఉంది. తీసుకునే సంస్థకు ఆ నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఆ పనికే కేటాయించిన ఖాతాలోకి మాత్రమే రావాలి. భారత పౌరుడు విదేశంలో సంపాదించుకున్న సొంత డబ్బును బ్యాంకు ద్వారా నేరుగా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే డబ్బు జర్మన్ ఫెరైన్ ఖాతాలోకి వెళ్లి అక్కడి నుంచి వస్తే విదేశీ విరాళమే. పన్ను రాయితీ కోసం ఫెరైన్ ద్వారా పంపడమా, అవతలి చిన్న సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ లేదు కాబట్టి రాయితీ వదులుకొని ఎవరికివారు పంపడమా అన్నది ముందే తేల్చుకోవాలి. పదిమంది దాతలున్న చిన్న సాయానికి రెండోదే నయం. ఏటా జరిగే పెద్ద సాయానికి ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న భాగస్వామిని వెతికాకే ఫెరైన్ పెట్టాలి.

ఫెరైన్‌ను ఎంచుకున్నవారు పనుల వరుసను తప్పకుండా పాటించాలి. స్థాపనా సమావేశానికి ముందే ముసాయిదా నియమావళిని ఫినాన్ట్స్‌ఆమ్ట్‌కు పంపి ప్రజాహిత కోణంలో చూడమని అడగండి. వారి సూచనలు కలిపాక ఏడుగురు కూర్చొని సంతకాలు పెట్టండి, కార్యవర్గాన్ని ఎన్నుకోండి, మినిట్సు రాయండి. తరువాత నోటరీ, ఆమ్ట్స్‌గెరిష్ట్, ఆ తరువాత పన్ను స్మృతిలోని 60ఎ సెక్షన్ కింద నియమావళి సక్రమంగా ఉందన్న నిర్ధారణ కోసం దరఖాస్తు. ఈ నిర్ధారణ పత్రం చేతికి వచ్చేవరకు ఒక్క విరాళ రసీదు కూడా ఇవ్వకండి, అడిగినవారు ఎంత దగ్గరివారైనా సరే.